రూమ్మేట్ క్లాసులకు రావడం మానేశాడు, ఇంట్లో చెప్పొద్దంటున్నాడు. నేనేం చేయాలి?

పెన్నా ఒడ్డు అడిగిన ప్రశ్న:

అన్నలూ అక్కలూ, మాది ప్రొద్దుటూరు. అనంతపురం బయట హైవే పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ మొదటి సంవత్సరం, రెండో సెమిస్టర్ చదువుతున్నా. ఉండేది కాలేజీ హాస్టల్లోనే. మా రూమ్‌లో మూడు మంచాలున్నాయి కానీ ఒకబ్బాయి సంక్రాంతి సెలవుల తర్వాత బయట రూమ్ చూసుకుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మేమిద్దరమే. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. క్లాసులో ఎవరికైనా చెప్తే సాయంత్రానికల్లా హాస్టలంతా తెలిసిపోతుంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మా రూమ్మేట్‌ది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. పదో తరగతి దాకా ఊరి సర్కారు బడిలో తెలుగు మీడియం. లెక్కల్లో గట్టివాడు. ఇంట్లో కొంచెం మెట్ట భూమి ఉంది, వేరుశనగ వేస్తారు. వానలు లేని ఏడాది వాళ్ల నాయన బెంగళూరు పోయి బిల్డింగ్ పనులు చేస్తాడు. ఈ ఏడు కూడా అక్కడే ఉన్నాడు. ఊళ్లో వాళ్లమ్మ, చెల్లెలు ఉంటారు.

మొదటి సెమిస్టర్లో వాడంత మంచి రూమ్మేట్ నాకు దొరకడనుకునేవాణ్ణి. మా బ్లాక్‌లో పొద్దున ఏడున్నర దాటితే కొళాయిల్లో నీళ్లు రావు. నేను లేటుగా లేస్తానని వాడే నా బకెట్ కూడా పట్టి బాత్‌రూమ్ పక్కన పెట్టేవాడు. ఊరి నుంచి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ స్టీలు డబ్బాలో శెనక్కాయల పొడి పంపేది, మూత తీసి మధ్యలో పెట్టి ఇద్దరం మెస్ అన్నంలో కలుపుకునేవాళ్లం. నాకు లెక్కలు రాకపోతే వాడు చెప్పేవాడు. మ్యాట్రిసెస్ నాకు అర్థమైంది సార్ దగ్గర కాదు, వాడి దగ్గరే.

మొదటి సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాయి. వాడికి లెక్కల్లో మంచి గ్రేడ్ వచ్చింది, కానీ ప్రోగ్రామింగ్‌లో, ఇంగ్లిష్‌లో ఫెయిల్. ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా పొద్దున క్లాసులు మానేశాడు, ఆ తర్వాత ల్యాబులు, ఇప్పుడు మొత్తానికే రావడం లేదు. సెమిస్టర్ మధ్యలో పెట్టే మొదటి పరీక్ష, ఫస్ట్ మిడ్ కూడా రాయలేదు. పగలంతా దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. రాత్రి నేను లైటు తీసేశాక లేచి ఫోన్ చూస్తూ కూర్చుంటాడు. మెస్‌కు రమ్మంటే "ఆకలి లేదు, నువ్వు పోయి రా" అంటాడు. నేనే ప్లేటులో అన్నం పప్పు పెట్టించుకుని ఇంకో ప్లేటు బోర్లించి తెస్తా. ఒక్కోసారి రెండు ముద్దలు తింటాడు. ఒక్కోసారి పొద్దున చూస్తే అన్నం గట్టిపడి ప్లేటు అట్లాగే ఉంటుంది.

మొన్న నా రికార్డ్ కనబడక వాడి అల్మరాలో వెతుకుతుంటే ప్రోగ్రామింగ్ నోట్స్ దొరికింది. మొదటి యూనిట్లో సార్ చెప్పిన ప్రతి ఇంగ్లిష్ లైను పైనా పెన్సిల్‌తో సన్నగా తెలుగులో అర్థం రాసుకున్నాడు. లూప్ బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, "ఇది అబద్ధం అయ్యేదాకా తిరుగుతుంది" అని రాసుకున్నాడు. రెండో యూనిట్లో పెన్సిల్ తగ్గింది. మూడో యూనిట్లో ఉత్త హెడింగులే ఉన్నాయి. ఆ తర్వాత తెల్ల కాగితాలు. అంత కష్టపడుతున్నాడని పక్క మంచంలో ఉన్న నాకు కూడా తెలియనివ్వలేదు.

వాళ్ల నాయన ఫోన్ చేస్తే మంచంలో పడుకునే "క్లాసులో ఉన్నా నాయనా, సాయంత్రం చేస్తా" అని పెట్టేస్తాడు. పోయిన వారం వాడి ఫోన్ స్విచాఫ్ వస్తోందని ఆయన నా నంబర్‌కు చేశాడు. నేను బయట ఉన్నా. "రూమ్‌కు పోయాక చేయిస్తా మామా" అన్నా. ఆయన "మావాడు మంచిగా చదువుతాండాడా" అని అడిగాడు. ఆ మాటకు నాకు నోరు రాలేదు, సిగ్నల్ లేనట్టు ఫోన్ పెట్టేశా. రూమ్‌కు వచ్చి వాడికి చెప్తే నా చెయ్యి పట్టుకుని "ఇంట్లో చెప్పొద్దురా, చెప్తే నేను ఈడ ఉండను" అన్నాడు.

పోర్టల్లో వాడి అటెండెన్స్ 51 శాతం చూపిస్తోంది. ఇప్పుడు నేను వాళ్ల నాయనకు చెప్పాలా? వార్డెన్ సార్‌కు చెప్పాలా? ఎవరికీ చెప్పకుండా నేనే ఎట్లన్నా క్లాసుకు తీసుకుపోవాలా? చెప్తే నా మీద నమ్మకం పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందోనని రాత్రిళ్లు నాకు కూడా నిద్ర పట్టడం లేదు.

కడప అమ్మ జవాబు:

నాయనా, నా కొడుకు కూడా వేరే ఊళ్లో హాస్టల్లోనే ఉన్నాడు. తల్లిగా చెప్తున్నా, ఈ రోజే వాళ్లింట్లో చెప్పు. పిల్లోడు అన్నం తినకుండా పగలంతా ముసుగు కప్పుకుని పడుకుంటున్నాడంటే, అది మార్కుల సంగతి కాదు. ఫెయిలైతే మళ్లీ రాసుకోవచ్చు. వాళ్లమ్మకు తెలిస్తే ఈ రాత్రికే బస్సెక్కి వస్తుంది. నువ్వు ప్లేటు మీద ప్లేటు బోర్లించి తెస్తున్నావే, ఆ పని ఆమె చేయాల్సింది. ఆమెకు తెలియకుండా నువ్వొక్కడివే ఎన్నాళ్లు మోస్తావు? నీకూ పద్దెనిమిదేళ్లే కదా.

వాడికి కోపమొస్తే రానీ. నాలుగు రోజులు మాట్లాడడు, అంతే కదా. నేనైతే నా కొడుకు రూమ్మేట్ నాకు చెప్పాలనే కోరుకుంటా.

ఫైనల్ ఇయర్ ఈసీఈ జవాబు:

బ్రో, ముందు అటెండెన్స్ లెక్క చెప్తా, ఎందుకంటే దానికి టైమ్ చాలా తక్కువ ఉంది. మీది జేఎన్‌టీయూఏ, అంటే అనంతపురం జేఎన్‌టీయూ యూనివర్సిటీ, కింద ఉన్న కాలేజీ అయితే రూల్ ఇది. అన్ని సబ్జెక్టులు కలిపి 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే, ఆరోగ్యం బాగాలేదని డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి, కాలేజీ కమిటీ ఒప్పుకుంటే పరీక్ష రాయనిస్తారు. దీన్నే కండోనేషన్ అంటారు. 65 దిగితే ఎవరూ ఏమీ చేయలేరు, డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. అటానమస్ కాలేజీ అయితే చిన్నచిన్న తేడాలు ఉండొచ్చు, మీ రెగ్యులేషన్ బుక్ చూడు.

ఇప్పుడు మీవాడి సంగతి. ఉదాహరణకు ఇప్పటిదాకా 200 పీరియడ్లు అయ్యాయనుకో. 51 శాతం అంటే 102 పీరియడ్లకు వచ్చినట్టు. సెమిస్టర్లో ఇంకా 250 మిగిలాయనుకుందాం. రేపటి నుంచి అన్నిటికీ వస్తే 450కి 352, అంటే 78 శాతం. ఏ కమిటీ అవసరం లేకుండా సేఫ్. అదే ఇంకో 60 పీరియడ్లు మానేశాడనుకో, అంటే దాదాపు రెండు వారాలు, ఆ తర్వాత ఒక్కటి కూడా మానకపోయినా 450కి 292. 65 శాతం కూడా రాదు. మీ కాలేజీలో అసలు పీరియడ్లు ఎన్నో కనుక్కుని ఇదే లెక్క వేసి చూడు. ఈ రెండు వారాలే ముఖ్యం.

ఫస్ట్ మిడ్ రాయలేదని భయపడొద్దని చెప్పు. ఇంటర్నల్ మార్కుల్లో రెండు మిడ్స్‌లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. రెండో మిడ్ బాగా రాస్తే పోయేది కొంచెమే. ఫెయిలైన రెండు సబ్జెక్టులకు సప్లీ, అంటే మళ్లీ రాసే పరీక్ష, నోటిఫికేషన్ వస్తుంది, ఫీజు కట్టే చివరి తేదీ మాత్రం మిస్ కావద్దు. మా బ్యాచ్‌లో ఫస్ట్ సెమ్‌లో ప్రోగ్రామింగ్ పోయినవాళ్లు చాలామందే ఉన్నారు, ఇప్పుడు ప్లేస్‌మెంట్లలో నా పక్కనే కూర్చుంటున్నారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నాడా? దానికీ 75 శాతం అటెండెన్స్ అడుగుతారు. అది కూడా చూసుకోవాలి.

ఆదోని వాసి జవాబు:

తమ్ముడూ, మీ రూమ్మేట్ ఇప్పుడున్న చోట నేను ఉండి వచ్చినవాణ్ణి. కర్నూల్లో ఇంజనీరింగ్ చేశా, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. అందుకే పగలు పడుకుని రాత్రి మేల్కోవడం ఎందుకో నీకు చెప్పగలను.

ఫోన్ కోసం కాదు. పగలు మేలుకుంటే మనుషులు కనపడతారు. తొమ్మిదింటికి కారిడార్‌లో అందరూ చెప్పులు టకటకలాడించుకుంటూ క్లాసులకు పోతారు, ఎవడో ఒకడు తలుపు కొట్టి "రావడం లేదా" అంటాడు. ఆ ఒక్క మాటకు జవాబు చెప్పలేక దుప్పటి కప్పుకుని నిద్ర నటించేవాణ్ణి. నటిస్తూ నటిస్తూ నిజంగానే నిద్ర పట్టేది. రాత్రైతే ఎవరూ ఏమీ అడగరు. రాత్రి ఒంటిగంటకు హాస్టల్లో చదివేవాడు, చదవనివాడు ఒకటే. ఆ కాసేపే నాకు ఊపిరాడేది. మానేసిన రోజులు పెరిగేకొద్దీ మళ్లీ క్లాసులో అడుగుపెట్టడం కష్టమైపోతుంది. సార్ అందరి ముందు నిలబెట్టి "ఇన్నాళ్లు ఎక్కడున్నావు" అంటాడని భయం. చివరికి పాఠం రాదనే భయం కన్నా ఆ తలుపు దాటే భయమే పెద్దదవుతుంది.

నా రూమ్మేట్‌ది నంద్యాల. వాడు నన్ను ఎప్పుడూ "క్లాసుకు రా" అనలేదు. ఒకరోజు "మధ్యాహ్నం ల్యాబ్ ఉంది, దానికొక్కదానికి రా, నా పక్క సిస్టమ్ ఖాళీగా ఉంటుంది" అన్నాడు. క్లాసులో అయితే అరవైమంది చూస్తారు, ల్యాబ్‌లో ఎవడి స్క్రీన్ వాడిది. పైగా ముందురోజే వాడు ఆ ల్యాబ్ సార్‌ను కలిసి "మా రూమ్మేట్‌కు ఒంట్లో బాగాలేదు సార్, రేపు తీసుకొస్తా, అందరి ముందు అడగొద్దు" అని చెప్పి ఉంచాడంట. నాకది తర్వాత తెలిసింది. సార్ ఏమీ అనలేదు. అటెండెన్స్ షీట్ నా ముందు పెట్టి సంతకం చేయమన్నాడు, అంతే. ఆ సంతకం పెట్టేటప్పుడు నా చేతికి చెమట పట్టింది. మర్నాడు ఇంకో రెండు పీరియడ్లకు పోయినా. నేను వెనక్కి వచ్చింది అట్లా.

అందుకని నువ్వు కూడా మొత్తం టైమ్‌టేబుల్ చూపించి రమ్మనొద్దు. వాడికి బాగా వచ్చింది లెక్కలు అంటున్నావు కదా, ఆ లెక్కల క్లాసుకే ముందు తీసుకుపో. వాడు గెలిచే చోటు నుంచి మొదలుపెట్టు. ప్రోగ్రామింగ్ తర్వాత.

ఇంట్లో చెప్పడం గురించి. కడప అక్క చెప్పింది న్యాయమే, వాళ్లింట్లో తెలియాలి. కానీ ఎవరి నోటి నుంచి తెలుస్తుందన్నది చాలా ముఖ్యం. నువ్వు వాడికి తెలియకుండా ఫోన్ చేస్తే, వాళ్ల నాయన అక్కడ సెంట్రింగ్ పని మధ్యలో నిలబడి ఆ మాట వింటాడు. కోపంతోనో భయంతోనో వెంటనే కొడుక్కి ఫోన్ చేస్తాడు. వాడు ఎత్తడు. అప్పుడు వాడికి ఆ రూమ్‌లో ఉన్న ఒక్క మనిషి కూడా పోయినట్టే. వాడే చెప్పాలి, నువ్వు పక్కన కూర్చోవాలి. నా రూమ్మేట్ అదే చేశాడు. "ఆదివారం లోపల నువ్వు చెప్పు, నేను పక్కనే ఉంటా. నువ్వు చెప్పలేకపోతే నీ ముందే ఫోన్ కలిపి నేను చెప్తా. నీ వెనక మాత్రం చెప్పను" అన్నాడు. నేను రెండ్రోజులు వాడితో మాట్లాడలేదు. ఆదివారం సాయంత్రం మేడ మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశా.

మా నాయన మొదట అరిచినాడు, అది నీకు దాచను. కానీ మర్నాడు పొద్దున్నే ఆదోనిలో బస్సెక్కి హాస్టల్‌కు వచ్చినాడు. వార్డెన్‌తో మాట్లాడి, మా హెచ్‌ఓడీ రూమ్ ముందు గంటసేపు నిలబడి కలిసి, సాయంత్రం నన్ను కొండారెడ్డి బురుజు దాకా తీసుకుపోయి టీ తాగించి, సప్లీ ఫీజు డబ్బులు జేబులో పెట్టి పోయినాడు. కాలేజీ మాన్పిస్తాడని నేను నెలలు నెలలు భయపడింది ఆ మనిషి గురించే.

అందరి నాయనలూ ఇట్లాగే ఉంటారని చెప్పను. మా హాస్టల్లోనే ఇంకొకడికి వాళ్లింట్లో తెలిసిన వారానికే టీసీ తీసుకుని పనికి పంపించేశారు. అందుకే ఒక పెద్దమనిషి మధ్యలో ఉండడం మంచిది. మీ సెక్షన్‌కు మెంటర్ అని ఒక సార్‌నో మేడమ్‌నో వేసి ఉంటారు. ముందు ఆయన్ను కలవండి, ఇద్దరూ కలిసి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఆ సార్ ఒక్క మాట "వీడు లెక్కల్లో బాగున్నాడు, ఇంకా టైముంది" అంటే తండ్రికి ధైర్యం వస్తుంది. ఎంత చదువుకున్నవాడు చెప్పినా రాని ధైర్యం, పాఠం చెప్పే సార్ నోటి నుంచి వస్తే వస్తుంది. మా ఊర్ల సంగతి నీకూ తెలుసు కదా.

ఇంకో మాట. నువ్వు కూడా నిద్రపో. రాత్రి వాడు ఫోన్ చూస్తుంటే నువ్వు కాపలా కాయొద్దు. నీకు భయంగా ఉన్న రాత్రి పక్క రూమ్‌లో నమ్మకమైనవాణ్ణి ఒకణ్ణి పిలిచి మూడో మంచంలో పడుకోమను, కారణం చెప్పక్కర్లేదు.

పెన్నా ఒడ్డు:

ఆదోని అన్నా, మీరు రాసింది చదివి మా రూమ్‌లోనే ఉండి చూసినట్టు అనిపించింది. ఆ చెప్పుల చప్పుడుకు వీడు నిజంగానే గోడ వైపు తిరుగుతాడు. నేనది నిద్రలో అనుకునేవాణ్ణి.

ఒక విషయం పైన రాయలేదు. "నేను ఈడ ఉండను" అన్నాడని రాశా కదా. దానర్థం కాలేజీ వదిలేసి పోతాననా, ఇంకేమన్నానా అని నాకు అనుమానంగా ఉంది. అడగడానికి భయమేస్తోంది. అడిగితే లేని ఆలోచన నేనే తెప్పించినట్టు అవుతుందేమో. ఇంకొకటి, వాడి కాలిక్యులేటర్ నన్ను ఉంచుకోమన్నాడు, "నాకెందుకులే" అని. మూడు నెలలు డబ్బులు దాచి కొన్నది అది.

హౌస్‌సర్జన్, కర్నూలు జవాబు:

తమ్ముడూ, ఇది చదివి వెంటనే రాస్తున్నా. మిగతావన్నీ తర్వాత, ఈ రోజే వాణ్ణి నేరుగా అడుగు. "నువ్వు ఉండనన్నావు కదా, చనిపోవాలని ఏమన్నా అనిపిస్తోందా?" అని ఇదే మాటల్లో అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది నిజం కాదు. లేని ఆలోచన అడిగినందుకు రాదు. ఉన్నవాడికైతే ఎవరో ఒకరు అడిగారన్నదే పెద్ద ఊరట. నడుస్తూ అడుగు, ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగక్కర్లేదు. ఏం చెప్పినా తిట్టొద్దు, "అట్లా అనకూడదు" అని నోరు మూయించొద్దు, విను.

అవునన్నాడా, లేదా తేల్చకుండా మాట దాటేశాడా, అప్పుడు చెప్పొద్దన్న మాటకు విలువ లేదు. వాణ్ణి ఒంటరిగా వదలకుండా వార్డెన్‌కు, ఇంటికి అదే గంటలో చెప్పాలి. ఆదివారం దాకా ఆగమని ఆదోని అన్న చెప్పింది ఈ ప్రమాదం లేనప్పుడే. ఇష్టంగా కొనుక్కున్న వస్తువు ఇచ్చేయడం, అన్నం మానడం, ఏ పనీ ఇష్టం లేకపోవడం, ఇవన్నీ కలిసి రెండు వారాలకు మించి ఉంటే డాక్టర్ చూడాల్సిందే. దాన్ని డిప్రెషన్ అంటారు. బద్ధకం కాదు, మందులకూ కౌన్సెలింగ్‌కూ తగ్గే జబ్బు.

14416 నంబర్ ఫోన్‌లో వేసుకో. టెలి మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. వాడే చేయాలని లేదు, "మా రూమ్మేట్ ఇట్లా ఉన్నాడు" అని నువ్వు కూడా చేసి అడగొచ్చు. అనంతపురంలో మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రికి పొద్దున ఓపీ టైముకు తీసుకుపోయి సైకియాట్రీ చీటీ రాయించుకోండి. కాలేజీకి తెలుస్తుందని భయపడతాడు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి వివరాలు రహస్యంగా ఉంచాలి, అది వాడి హక్కు. అక్కడ చికిత్స తీసుకున్న కాగితాలే పైన ఒక తమ్ముడు చెప్పిన కండోనేషన్‌కు కూడా పనికొస్తాయి. అబద్ధపు సర్టిఫికెట్ కోసం తిరగక్కర్లేదు.

పెన్నా ఒడ్డు:

అడిగినా అన్నా. రాత్రి మెస్ అయ్యాక గ్రౌండ్ చుట్టూ నడుద్దాం రమ్మంటే వచ్చాడు, అదే నాకు ఆశ్చర్యం. రెండో రౌండులో అడిగేశా. చాలాసేపు మాట్లాడలేదు. "అప్పుడప్పుడు లేకపోతే బాగుండు అనిపిస్తుంది, కానీ ఏం చేసుకోనులే, చెల్లెలుంది" అన్నాడు. ఆ తర్వాత అక్కడే సిమెంటు దిమ్మె మీద కూర్చుని చాలా ఏడ్చాడు. నేనూ పక్కన కూర్చున్నా. ఆ మాట విన్నాక ఆదివారం దాకా ఆగే ప్రసక్తి లేదని వాడికే చెప్పా. ఆశ్చర్యంగా, వద్దనలేదు. అక్కడి నుంచే 14416కు చేశాం. ముందు నేను మాట్లాడి తర్వాత వాడికిచ్చా. ఫోన్‌లో మేడమ్ చాలా నిదానంగా మాట్లాడారు. తిన్నావా, నిద్ర ఎట్లా పడుతోంది, రూమ్‌లో తోడు ఎవరున్నారు అని అన్నీ అడిగి, పొద్దున్నే డాక్టర్‌ను కలవమన్నారు.

వార్డెన్ సార్‌కు రాత్రే చెప్పాం. సార్ అరవలేదు. పక్క రూమ్ అబ్బాయిని మూడో మంచంలోకి పంపారు. పొద్దున మెంటర్ మేడమ్ రూమ్ నుంచి వాళ్ల నాయనకు ఫోన్ చేశాం. వాడు "నాయనా" అన్నాక ముందుకు సాగలేదు. మేడమ్ ఫోన్ తీసుకుని, మీవాడు లెక్కల్లో క్లాసులో ముందున్నాడు, ఇప్పుడు కొంచెం ఒంట్లో బాగాలేదు, మీరొకసారి రండి అన్నారు. ఆయన రాత్రి బస్సుకు బయలుదేరుతానన్నాడు. వాళ్లమ్మ మధ్యాహ్నానికే వచ్చేసింది. పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీలో చూపించాం. మందులు రాశారు, వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు. వాణ్ణి నాలుగు రోజులు ఊరికి తీసుకుపోతామన్నారు, మేడమ్ కూడా అదే మంచిదన్నారు.

అటెండెన్స్ లెక్క చెప్పిన ఫైనల్ ఇయర్ అన్నా, మీరు చెప్పినట్టే మా సెక్షన్ పీరియడ్లు లెక్కేశా. నాలుగు రోజులు పోయినా ఆ తర్వాత రోజూ వస్తే 70 దాటుతుంది. కండోనేషన్ కింద పెట్టొచ్చని మేడమ్ చెప్పారు. కానీ నాకింకో అనుమానం. వాడు తిరిగి వచ్చాక ప్రోగ్రామింగ్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? సప్లీకి ఇంకా టైముంది. వాడు మూడో యూనిట్ దగ్గర ఆగిపోయాడు. నాకు వచ్చింది చెప్తా కానీ పాయింటర్లు నాకే సరిగా రావు.

కడప అమ్మ:

నాయనా, నువ్వు అడిగినావు చూడు, అది చాలామంది పెద్దవాళ్లు కూడా అడగలేరు. వాళ్లమ్మ వచ్చిందన్నావు, మనసు కుదుటపడింది. మందులు మధ్యలో ఆపొద్దని ఆమెకు గట్టిగా చెప్పు. నాలుగు రోజులకు బాగైనట్టు కనిపిస్తే మనవాళ్లు మందు మానేస్తారు.

హౌస్‌సర్జన్, కర్నూలు:

అమ్మ చెప్పింది సరైన మాట. ఈ మందులు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలో తేడా కనిపించలేదని నిరాశపడొద్దు, డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు. మందుల షీట్ ప్రస్తుతానికి వాళ్లమ్మ దగ్గరే ఉండనివ్వండి, హాస్టల్‌కు వచ్చాక నీ దగ్గరో వార్డెన్ దగ్గరో ఉంచి రోజుకు కావాల్సింది ఇవ్వండి. మళ్లీ ఆ మాట అన్నా, నీకు అనుమానం వచ్చినా, వారం దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకుపో.

ఫైనల్ ఇయర్ ఈసీఈ:

ప్రోగ్రామింగ్ సంగతి నాకు వదిలేయ్ బ్రో. మూడో యూనిట్ నుంచి కాదు, వాడు పెన్సిల్‌తో రాసుకున్న మొదటి యూనిట్ నుంచే మొదలుపెట్టండి. అక్కడిదాకా వాడికి వచ్చు కాబట్టి ధైర్యం ఉంటుంది. తర్వాత అరేలు, ఆ తర్వాత ఫంక్షన్లు, పాయింటర్లు చివర్లో. పాయింటర్లకు ముందు కాగితం మీద డబ్బాలు గీసి, ప్రతి డబ్బా కింద ఒక అడ్రస్ నంబర్ రాసి, ఏ డబ్బాలో ఏ నంబర్ ఉందో చేత్తో నింపించు. సిస్టమ్ దగ్గర తర్వాత కూర్చోవచ్చు. లెక్కలు వచ్చినవాడికి ఇది తొందరగా పడుతుంది. పాత సప్లీ పేపర్లు నా దగ్గర ఉన్నాయి, ప్రతి ప్రశ్నకూ తెలుగులో నోట్స్ రాసి పెడతా. నేను రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగా ఉంటా. వాడు వచ్చాక ఎక్కడ ఆగాడో ఇక్కడే రాయండి.